గేలాల కొట్టు ఎందుకు మూతపడింది?

తెలుగులో 'గాలం వేశాడు' అంటే మోసానికి దిగాడని అర్థం. 'ఎర చూపాడు' అన్నా అంతే. 'వల పన్నాడు' అన్నా అంతే. డాక్టరేట్ కోసం ఏళ్ల తరబడి తెలుగు సాహిత్యం చదివాను గదా, ఒక రోజు కూచుని లెక్కేసుకున్నాను. నాగలి అన్నం పెడుతుంది. మగ్గం మానం కాపాడుతుంది. గాలం మాత్రం దగా చేస్తుంది. చేపలు పట్టే పనిముట్లలో మంచి అర్థంతో జాతీయంగా మారినది ఒక్కటీ నాకు తగల్లేదు. ఆ గాలంతో పొద్దున పట్టిన నాలుగు చేపలే మధ్యాహ్నం కూడైన వాళ్లకి కావ్యాలు రాసే అవకాశం రాలేదు. వచ్చి ఉంటే ఆ మాటకి ఇంకో అర్థం కూడా ఉండేది.

ఈ వారం గేలాల కొట్ల గురించి రాస్తున్నాను. పుస్తకాల్లో గాలం. మా పేటలో గేలం. ఇక్కడి నుంచి మా పేట మాటే రాస్తాను.

పాతికేళ్ల కింద మా వైపు ఏ సెంటరుకి వెళ్లినా గేలాలు దొరికేవి. కూచిపూడి మెయిన్ రోడ్డు మీద కిరాణా కొట్లో పసుపు కొమ్ముల డబ్బా పక్కన గేలాల డబ్బా ఉండేది. మొవ్వలో దొరికేవి. కొంచెం మంచి సరుకు కావాలంటే పామర్రు పోవాలి. ఇంకా పెద్ద సరుకు కావాలంటే గుడివాడో బందరో. పామర్రులో మేం వెళ్లే కొట్టు అచ్చంగా ఈ సామానుకే ఉండేది. మంచం పట్టేంత గది. పైన దూలానికి విసురు వలలు వేలాడుతుండేవి. గోడకి నైలాను దారం కండెలు, సన్నం నుంచి లావు దాకా వరసగా. సీసాల్లో సీసం గుళ్లు. ఒక మూల బెండ్లు. గేలాలు మాత్రం బల్ల సొరుగులో, నంబరు వారీగా కాగితం పొట్లాల్లో.

ఆ నంబర్లు తిరకాసుగా ఉంటాయి. నంబరు పెరిగేకొద్దీ గేలం చిన్నదవుతుంది. పదో నంబరు పరిగెలకి, ఆరో నంబరు ఇంకొంచెం పెద్ద చేపకి. నాకు బడిలో లెక్కలు చెప్పకముందే మా నాన్న ఈ తలకిందుల లెక్క చెప్పాడు. పొట్లాల మీద ఇంగ్లీషులో మస్టాడ్ అని ఉండేది. అది నార్వే కంపెనీ అనీ, 1877 నుంచి గేలాలు చేస్తోందనీ పెద్దయ్యాక చదివాను. ఎక్కడి నార్వే, ఎక్కడి మా మాలపల్లె! మా ఇంట్లోకి వచ్చిన మొదటి విదేశీ వస్తువు గేలమే.

కొట్టు సాయిబు గారిది. ఆయనకి మనిషి మొహం చూడగానే ఏ చేపకొచ్చాడో తెలిసేది.

"ఏం అబ్బాయ్, పరిగెలకా, కొర్రమీనుకా?"

"పరిగెలకేనండీ సాయిబు గారూ. కొర్రమీను పడితే అది మా పిల్లోడి అదృష్టం."

"కూచో. దారం చూపిస్తా."

ఆ 'కూచో' అన్న మాట చిన్నది కాదు. అదే బజారులో ఎరువుల కొట్టుకి కూడా నాన్న వెళ్లేవాడు, ఆసామి తరపున బస్తాలు మొయ్యడానికి. అక్కడ మెట్టు కింద నిలబడేవాడు. నాన్న కంటే పదేళ్లు చిన్నవాడు లోపలి నుంచి "ఏరా, ఎన్ని బస్తాలు?" అనేవాడు. ఒకే బజారు, ఒకే పూట, ఒకే మనిషి. ఒక కొట్లో పాలేరు. ఇంకో కొట్లో ఖాతాదారు. గేలాల కొట్లో నాన్న కొనేది రెండు మూడు రూపాయల సరుకే. అయినా అది తన కోసం, తన ఇంటి కోసం, తనకి తెలిసిన పని కోసం కొనుక్కునేది. అందుకే కాబోలు, దారాన్ని పంటితో కొరికి చూసి బేరమాడేటప్పుడు నాన్న గొంతు వేరేగా ఉండేది.

ఇక్కడ ఒక విషయం విడమరచి చెప్పాలి. సముద్రం మీద, కృష్ణ మీద వేట చేసే అగ్నికులక్షత్రియులు, పల్లెకారులు, ఇతర మత్స్యకార కులాల సంగతి వేరు. వాళ్లకది వృత్తి. పడవలు, పెద్ద వలలు, అప్పులు, సొసైటీలు అన్నీ ఉన్న కథ అది. బందరులో గిలకలదిండి హార్బరు ఉంది కాబట్టి వాళ్ల వలలు అమ్మే కొట్లు ఉన్నాయి. నేను చెప్పేది పేరు లేని వేట గురించి. వృత్తి అని ఎవరూ రాసుకోని వేట. మాలలు, మాదిగలు, యానాదులు, పొలం లేని ఇంకో పది కులాల వాళ్లు కూలికి పోయే దారిలో, కూలి లేని రోజున, కాలవలో, బోదెలో, మురుగు డ్రెయిన్లో పట్టుకునే చేపలు. గేలాల కొట్టుకి నిలకడైన బేరం వీళ్లే.

డెల్టా నీళ్లకి ఒక క్యాలెండరు ఉంది. జూన్‌లోనో జూలైలోనో కాలవలు వదులుతారు. కొత్త నీటికి చేప ఎదురెక్కుతుంది. బోదెల వెంట చేలల్లోకి పోతుంది. వరి కాళ్ల మధ్య గుడ్లు పెడుతుంది, పిల్లలవుతుంది. వానాకాలమంతా గేలం రోజులు. కోతల ముందు చేలో నీళ్లు బయటికి తీసేటప్పుడు బోదె మూతి దగ్గర వెదురు పుల్లల మావు పెడితే, దిగిపోయే నీళ్లతో పాటు చేపలు అందులోకి వస్తాయి. వేసవిలో కాలవలు కట్టేశాక అక్కడక్కడా మడుగులు మిగులుతాయి. అప్పుడు ఆడవాళ్ల వంతు. చీర ఎగదోపుకుని మోకాలి లోతు బురదలో దిగి ఊత వేస్తారు. ఊతంటే అడుగు లేని వెదురు బుట్ట. టక్కున నేలకి నొక్కి, పై మూతిలోంచి చెయ్యి పెట్టి వెతుకుతారు. గొరక ముల్లు గుచ్చుకుంటుంది. ఇంగిలాయి కుడితే సాయంత్రం దాకా చెయ్యి మంట. మా నాయనమ్మ చేతి వేళ్లు చూసి ఏది ఏ చేప కుట్టిన గుర్తో చెప్పేది.

పరిగెలు, గొరకలు, జెల్లలు, బొమ్మిడాయిలు, మట్టగిడసలు, ఇంగిలాయిలు. ఇవేవీ ఎవరూ పెంచినవి కావు. పిల్లలు పొయ్యలేదు. మేత వెయ్యలేదు. నీళ్లతో వచ్చాయి.

ఇప్పుడు భాష దగ్గరికి వస్తాను, నా ఉద్యోగం అదే కాబట్టి. కోతలయ్యాక చేలో రాలిన వెన్నులు ఏరుకోవడాన్ని మా వైపు పరిగ ఏరడం అంటారు, పరిగె అని కూడా అంటారు. కోసింది ఆసామిది. రాలింది ఏరుకున్న వాళ్లది. ఎక్కడా రాసి లేకపోయినా ఊళ్లో అందరూ ఒప్పుకున్న హక్కు అది. బోదెలో దొరికే చిన్న చేపనీ పరిగె అనే అంటాం. రెండు మాటల పుట్టుకా ఒకటేనని నేను అనను, దానికి నా దగ్గర ఆధారం లేదు. కానీ మా నాయనమ్మ నోట రెండూ ఒకటే. "పరిగెలకి పోతున్నా" అంటే వెన్నుల కోసమో చేపల కోసమో కాలాన్ని బట్టి అర్థం చేసుకోవాలి. నేల మీద రాలిన గింజ మాది. నీళ్లలో తిరిగే చిన్న చేప మాది. భూమి లేని మనిషికి డెల్టాలో మిగిలిన వాటా ఈ పరిగే. ఆ వాటా తెచ్చుకునే పనిముట్టు గేలం. ఆ పనిముట్టు అమ్మే చోటు సాయిబు గారి కొట్టు.

ఆ కొట్టు ఇప్పుడు లేదు. కూచిపూడి కిరాణా కొట్లో గేలాల డబ్బా లేదు. మొన్న దసరా సెలవుల్లో మా అన్న కొడుకుకి గేలాలు కొనిద్దామని మొవ్వ, పామర్రు, గుడివాడ తిరిగాను. గుడివాడలో ఒక హార్డ్‌వేర్ కొట్టాయన వెనక గదిలోకి వెళ్లి తుప్పు పట్టిన పొట్లం ఒకటి తెచ్చి, డబ్బులొద్దు తీసుకుపొమ్మన్నాడు.

ఎందుకు పోయాయి? ఎవరినడిగినా ముందు చెప్పేది "పిల్లలకి సెల్లు ఉంది గదా సార్, గేలం ఎవరిక్కావాలి" అని. రెండో మాట ఆన్‌లైన్. ఇంగ్లండులో ఇలాంటి కొట్లు మూతపడుతున్నాయంటే ఆన్‌లైన్ అమ్మకాల మాట అక్కడ సరిపోవచ్చు. అక్కడ గేలం వెయ్యడం ఒక సరదా, ఒక ఆట. దాని మీద 1653లోనే ఐజాక్ వాల్టన్ పుస్తకం రాస్తే ఇప్పటికీ అచ్చవుతోంది. మన హైదరాబాదులో కూడా వేలు పోసి రాడ్డు, రీలు తెప్పించుకునే సరదా వేటగాళ్లున్నారు. వాళ్ల సరుకు పార్సిల్లో వస్తుంది. కానీ మూడు రూపాయల గేలం కొనే మా పెద్దమ్మ ఆన్‌లైన్‌కి మారి సాయిబు గారి బేరం చెడగొట్టలేదు. ఆమె కొనడమే మానేసింది. గేలం వెయ్యడానికి నీళ్లు లేక మానేసింది.

నీళ్లు లేకపోవడమంటే కాలవ ఎండడమని కాదు. నీళ్లు కళ్లెదుటే ఉన్నాయి. మావి కాకుండా పోయాయి. అది రెండు మెట్లలో జరిగింది.

మొదటి మెట్టు పురుగుమందు. చేలో కొట్టిన మందు బోదెలోకి, బోదె నుంచి డ్రెయిన్లోకి. ఎండ్రిన్ రోజుల సంగతి మా నాన్న తరం చెప్పేది. ఎండోసల్ఫాన్ రోజులు నేను చూశాను. ఆ మందు చేపలకి ఎంత ప్రాణాంతకమో శాస్త్రానికి ఎప్పుడో తెలుసు. 2011లో సుప్రీంకోర్టు ఆపమనే దాకా ఆగలేదు. మందు కొట్టిన మర్నాడు పొద్దున బోదె నిండా పరిగెలు తెల్లటి పొట్టలు పైకి తిప్పి తేలేవి. ఏరుకోవడానికి గేలం అక్కర్లేదు. కొంతమంది ఏరుకున్నారు కూడా. కడుపు కాలేవాడికి విషం కంటే ఆకలి దగ్గర. చేపలు పట్టడానికి నీళ్లలో విషం కలిపితే నేరమని 1897 నాటి మత్స్య చట్టం చెబుతోంది. చేను కోసం చల్లిన విషం నీళ్లలో కలిసి చేపలన్నీ చస్తే మాత్రం ఎవరి మీదా కేసు లేదు.

రెండో మెట్టు చెరువులు. గుడివాడ దాటి నందివాడ, ముదినేపల్లి, కైకలూరు వైపు వెళ్లండి. ఒకప్పుడు వరి చేలు. ఇప్పుడు రోడ్డుకి రెండు వైపులా గట్లు, గట్ల మధ్య నీళ్లు. ఇటు బంటుమిల్లి, కృత్తివెన్ను వైపు రొయ్యలు. వరి చేలో చేప ఉండేది, కూలి ఉండేది, పరిగ ఉండేది. చేపల చెరువులో కోట్ల చేపలుంటాయి, మనకి ఒక్కటీ ఉండదు. నాట్లు లేవు, కలుపు లేదు, కోత లేదు. ఆడవాళ్ల కూలి దినాలు పోయాయి. మగవాళ్లకి రాత్రి కాపలా మిగిలింది. గట్టు మీద గుడిసెలో యానాది కుటుంబాన్ని కాపలా పెడతారు. తరతరాలుగా ఆ నీళ్లలో చేప ఎక్కడుంటుందో చెప్పగలిగిన మనిషి ఇప్పుడు చేపని ఎవరూ పట్టకుండా చూసే మనిషి. చెరువుగా మారని నీళ్లు వేలంపాటలోకి వెళ్లాయి. పంచాయతీ చెరువులో చేపల పాట ప్రతి ఊళ్లో ఉంది. పాట పాడాలంటే డబ్బు కావాలి. పాడినవాడు గుత్తేదారు. మిగిలినవాళ్లంతా దొంగలు.

ఈ 'దొంగలు' అన్న మాట ఊరికే వాడలేదు. నేను ఇంటర్ చదివే రోజుల్లో మా చిన్నాన్న ఒక చెరువు తూము కింద బోదెలో గేలం వేశాడు. చెరువులో కాదు, బోదెలో. ఆ చెరువు పాడుకున్నవాడు వచ్చి గేలపు కర్ర విరిచాడు, సైకిలు లాక్కున్నాడు. మర్నాడు పెద్దమనుషుల దగ్గర పంచాయితీ. చిన్నాన్న చేతి సంచిలో ఉన్నవి తొమ్మిది పరిగెలు, ఒక గొరక. అయిదు వందలు జరిమానా వేశారు. అప్పట్లో అది వారం రోజుల కూలికి పైమాటే. "చెరువులోంచి వచ్చిన చేప కాదని రుజువేంటి?" అని అడిగాడు గుత్తేదారు. పరిగె ఎవరూ పెంచరు గదా అని చిన్నాన్న అంటే, "ఎదురు మాట్లాడతావా?" అన్నారు. చిన్నాన్న ఆ జరిమానా కట్టి సైకిలు తెచ్చుకున్నాడు. మళ్లీ గేలం పట్టలేదు.

మా పేటలో చర్చి ఉంది. మత్తయి సువార్త పదిహేడో అధ్యాయంలో ఒక కథ వస్తుంది. పన్ను మాట వచ్చినప్పుడు, పోయి గేలం వెయ్యమని యేసు పేతురుకి చెబుతాడు. మొదట పడిన చేప నోట్లో నాణెం ఉంటుంది, దాంతో పన్ను కట్టమంటాడు. ఆ వాక్యం చదివిన ప్రతిసారీ మా చిన్నాన్న గుర్తొస్తాడు. పేతురుకి గేలం వేస్తే పన్ను తీరింది. మావాడికి గేలం వేస్తే పన్ను పడింది.

ప్రభుత్వం ఏమీ ఇవ్వలేదా అంటే, ఇచ్చింది. 1976లో జలగం వెంగళరావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు కొల్లేరులో మత్స్యకారుల, దళితుల సొసైటీల పేరిట చేపల చెరువులు ఇచ్చారు. కాగితం మీద మనం చెరువుల యజమానులం. కానీ చేపపిల్లకి, మేతకి, మోటారుకి పెట్టుబడి ఎక్కడిది? పెట్టుబడి ఉన్నవాళ్లు లీజుకి తీసుకున్నారు. సొసైటీ పేరు మనది, చేప వాళ్లది. తర్వాత 1999లో కొల్లేరు అభయారణ్యమైంది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో చెరువు గట్లు కొట్టేశారు. సరస్సు బతకాల్సిందే, ఆ మాట కాదనను. కానీ పెద్ద చెరువులతో పాటు సొసైటీ చెరువుల గట్లూ పోయాయి. పెద్దవాళ్లకి వేరే పొలాలున్నాయి. సొసైటీ సభ్యులకి ఉన్నది ఆ కాగితమే.

సాయిబు గారి కొట్టు ఉన్న బజారులోనే ఇప్పుడు ఆక్వా షాపులున్నాయి. అద్దాల తలుపులు, ఏసీ. లోపల మేత బస్తాలు, జియోలైట్, సున్నం, ప్రోబయోటిక్స్, ఆక్సిజన్ బిళ్లలు, నీళ్లు పరీక్ష చేసే కిట్లు, గాలి తిప్పే ఏరియేటర్లు. చేపల సామాను అమ్మే కొట్టు పోయిందని ఎలా అంటాం? ఇంతకు ముందు కంటే వంద రెట్లు వ్యాపారం ఉంది. ఖాతాదారు మారాడంతే. పాత కొట్టు నీళ్లు లేనివాడి కోసం, కొత్త కొట్టు నీళ్లు కొనుక్కున్నవాడి కోసం. ఆ అద్దాల తలుపు తోసుకుని మనవాళ్లు కూడా వెళ్తారు, మేత బస్తాలు మొయ్యడానికి. నాన్న ఎరువుల కొట్టు మెట్టు కింద నిలబడ్డ చోటికే మళ్లీ వచ్చాం.

మిత్రులు కొందరు అడగొచ్చు, 'పేదరికాన్ని మురిపెంగా చెబుతున్నావా? బురదలో చేపలు పట్టుకునే బతుకే బాగుందా?' అని. లేదు. నా విద్యార్థులు గేలం పట్టకుండా పుస్తకం పట్టారని నాకు సంతోషమే. బురదలోంచి బయటికి రావడానికే అంబేడ్కర్ మనల్ని చదవమన్నాడు. కానీ పరిగె పోయిన చోట ఏం వచ్చిందో చూడాలి గదా. ఆదివారం మార్కెట్లో శీలావతి, బొచ్చె, రూప్‌చంద్ ముక్కలు దొరుకుతాయి. కిలో కొనగలిగితే కొంటాం. చిన్న చేపని తలతో, ముల్లుతో పాటు నమిలి తినేవాళ్లం. అందులో ఉన్నంత సున్నం, విటమిన్లు పెద్ద చేప ముక్కలో లేవు. బంగ్లాదేశ్‌లో పేదల పళ్లెంలోని చిన్న చేపల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసిన శకుంతల తిల్‌స్టెడ్‌కి 2021లో ప్రపంచ ఆహార బహుమతి ఇచ్చారు. మా నాయనమ్మ బాలింతలకి పరిగెల పులుసు ఎందుకు పెట్టేదో ఆ బహుమతి వార్త చదివాక నాకు ఇంకా బాగా అర్థమైంది. ఇప్పుడు అదే పేటలో అంగన్‌వాడీ నుంచి ఐరన్ బిళ్లలు తెచ్చుకుంటున్నాం.

1927 మార్చి 20న మహద్‌లో చౌదార్ చెరువు నీళ్లు దోసిట పట్టి తాగినప్పుడు అంబేడ్కర్ అడిగింది ఊరి నీటి మీద మన హక్కు. 1985 జూలైలో కారంచేడు గొడవ మొదలైంది కూడా మాదిగలు తాగే చెరువు దగ్గరే, ఆ నీళ్లు మురికి చేస్తుంటే ఒక ఆడమనిషి అడ్డు చెప్పినందుకు. నీటి గురించి మన పోరాటమంతా తాగే హక్కు, ముట్టుకునే హక్కు చుట్టూ జరిగింది. అది జరగాల్సిందే. కానీ ఆ నీళ్లలో ఉన్న తిండి మీద హక్కు గురించి మనం అడిగింది తక్కువ. అడగకపోవడానికి కారణం ఉంది. ఒకప్పుడు ఆ హక్కు చేతిలోనే ఉండేది, ఎవరూ విలువ కట్టలేదు కాబట్టి. చేపకి ధర వచ్చిన రోజున హక్కు పోయింది. పోయేటప్పుడు చప్పుడు కూడా కాలేదు. ఒక కొట్టు మూతపడిందంతే.

కూచిపూడి అంటే ప్రపంచానికి నాట్యం. దశావతారాల్లో మత్స్యావతారం వస్తుంది. బోర్లించిన ఒక చేతి వెనక భాగం మీద ఇంకో అరచెయ్యి బోర్లించి, రెండు బొటనవేళ్లు రెక్కల్లా ఆడిస్తే మత్స్య హస్తం. అందంగా ఉంటుంది, నేనూ చూసి మెచ్చుకున్నాను. మా ఊళ్లో ఆ చేపకి వేదిక ఉంది, చేప పట్టిన చెయ్యికి లేదు.

ఊరికే బాధపడి ఆగిపోవడం నాకు చేతకాదు. మూడు మాటలు అడుగుదాం. ఒకటి, పంచాయతీ చెరువు పాట పెట్టేటప్పుడు పాటదారుడి హక్కు అతను పోసిన చేప మీదే ఉండాలి. ఒంటి గేలంతో పట్టుకునే పరిగె మీద, తూము కింద బోదె మీద ఉండకూడదు. ఈ షరతు పాట కాగితంలో రాయించాలి. రెండు, పంట కాలవలు, మురుగు డ్రెయిన్లు ఎవరికీ గుత్తకి ఇవ్వకుండా భూమి లేని వాళ్లందరికీ వదలాలి. మూడు, ఎస్సీ, ఎస్టీ సొసైటీలకి చెరువు ఇస్తే పెట్టుబడి కూడా ఇవ్వాలి. ఉత్త కాగితం ఇస్తే అది లీజుదారుడికి ఇచ్చినట్టే.

మీ ఊళ్లో గ్రామసభ ఎప్పుడో కనుక్కోండి. చెరువు పాట కాగితం చూపించమనండి. అది పంచాయతీ ఆఫీసులో ఉండే కాగితమే, చూసే హక్కు మనకుంది. అందులో చేప ఎవరిదని రాసి ఉందో చదవండి.

వచ్చే వారం ఊతలు, మావులు అల్లే యానాదుల గురించి రాస్తాను.

జై భీమ్.